నాన్న చెంపల మంట

మొన్న గాజువాకలో ఒక పెద్ద మందుల దుకాణానికి వెళ్ళాను. మా అబ్బాయికి గడ్డం గీసుకున్నాక చెంపలు కందిపోయి మండుతాయి. "అమ్మా, రాసుకోడానికి ఏటైనా తెచ్చిపెట్టవే, జిడ్డుగా ఉండకూడదు, మరీ ఖరీదైంది వద్దు" అని పొద్దున్న పనికి వెళ్తూ చెప్పాడు. తీరా వెళ్ళి చూద్దును కదా, గోడ గోడంతా మగాళ్ళు ముఖానికి రాసుకునే సీసాలే, మా రోజుల్లో పెళ్ళికూతురికి కూడా ఇన్ని సీసాలు ఎరగం. దేన్ని తీసుకోవాలో తెలియక నేను తెల్లమొహం వేసుకుని నిలబడితే, కౌంటర్లో ఉన్న అమ్మాయికి జాలేసినట్టుంది, ఒక సీసా మూత తీసి నా చేతి మీద కాస్త వేసి రుద్ది, "చూడండాంటీ, నీళ్ళలాగ ఇంకిపోద్ది, జిడ్డే ఉండదు, రేటు కూడా తక్కువే" అంది. ఆ పిల్ల మాట పూర్తయ్యేలోపే చందనం వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఏమీ కొనకుండా, రోడ్డు మీదకొచ్చి, ఆటోల పక్కన నిలబడి చీర కొంగుతో చెయ్యి ఎర్రబడేదాకా తుడుచుకున్నాను. ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, అనుకోనీ.

జిడ్డు ఉండకూడదు, ఖరీదు ఉండకూడదు, మంట మాత్రం తగ్గాలి. సరిగ్గా ఈ మాటలతోనే నా చిన్నతనంలో మా ఇల్లు ఇల్లంతా వెతుకులాడింది. నవ్వులాటగా చెప్పుకోవలసిన సంగతే ఇది, మగవాడి చెంపలకు ఏం రాయాలన్నది ఒక సంగతా అసలు! మా ఇంట్లో మాత్రం నవ్వులాట కాలేదు.

మాది మల్కాపురంలో పెంకుటిళ్ళ వరస, అందులో చివరి ఇల్లు. ఒక పక్క నుంచి రిఫైనరీ వాసన, ఇంకో పక్క నుంచి సముద్రపు గాలి, ఈ రెండింటి మీదుగా రేవులో దించే ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము వచ్చి, అమ్మ పొద్దున్నే ఆరేసిన తెల్ల పంచెలు మధ్యాహ్నానికి కాషాయంలో ముంచి తీసినట్టు అయ్యేవి. ఎండాకాలం వచ్చిందంటే తాటిముంజలు, జీడిమామిడి పళ్ళు, పనసతొనలు, వాటి మీద ముసిరే ఈగలు, చాప మీద అమ్మ పోసే మామిడి తాండ్ర. దాని మీద కూడా ఆ దుమ్మే పేరుకుని, నములుతుంటే పళ్ళ కింద కరకరలాడేది, అయినా వదలకుండా తినేవాళ్ళం. వానాకాలంలో గోడలు నాచు పట్టి, ఆరని బట్టలు కిరసనాయిలు కంపు కొట్టేవి. నాగులచవితికి చలిమిడి, చిమ్మిలి, తడి మట్టి మీద పొగలు కక్కే టపాకాయలు; మార్గశిర గురువారాల్లో అమ్మ పాతవూరు వెళ్ళి అమ్మవారికి పసుపునీళ్ళు పోసి తెచ్చే కొబ్బరిచెక్కలు. వీధిలో ఇటుక ముక్కతో గీసుకున్న తొక్కుడుబిళ్ళ గళ్ళు వాన పడేదాకా చెరిగేవి కావు. మా వీధి పిల్లలకి ఇంకో ఆట ఉండేది, ఓడ కూత వినపడగానే అది లోపలికొచ్చే ఓడో బయటికెళ్ళే ఓడో ముందు చెప్పినవాళ్ళు గెలిచినట్టు. నిజానికి ఎవరికీ తెలిసేది కాదు, గొంతు పెద్దదైన వాళ్ళే గెలిచేవాళ్ళు.

నాన్న పేరు సూర్యనారాయణ, అందరూ సూరి అనేవాళ్ళు. మొదట ఆయన ఖనిజం దించే యార్డులో పని చేసేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, చెవుల వెనక ముడతలు, గోళ్ళ సందులు అన్నీ ఎర్రగా ఉండేవి, పొద్దున్నే దొడ్లో కాండ్రించి ఉమ్మితే అదీ ఎరుపే. అమ్మ ఆ ఎరుపు మీద చెంబుడు నీళ్ళు కొట్టి మాకు కనపడకుండా చేసేది. యార్డులో నాన్నతో పాటు పని చేసినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గుతూ మంచాన పడుతుంటే అమ్మ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది, ఈ మనిషిని అందులోంచి బయట పడెయ్యమని.

బయట పడేసింది నూకరాజు. ఆయన నాన్నకి స్నేహితుడు, ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. విదేశాల నుంచి గోధుమల ఓడలు వచ్చేవి ఆ రోజుల్లో. గోధుమల్లో పురుగు చావడానికి ఓడ అడుగు గదుల్లో విషపుగాలి నింపి మూసేసి, తర్వాత మాస్కులు తగిలించుకున్న మనుషులు లోపలికి దిగి, గాలంతా పోయిందో లేదో చూసి తలుపులు తెరవాలి. ఆ పని చేయించే ప్రైవేటు కంపెనీలో నూకరాజు ఉండేవాడు, తనతో పాటు నాన్నని కూడా చేర్పించాడు. వినడానికి ప్రాణం మీదికి తెచ్చే పనిలా ఉంటుంది గానీ యార్డు దుమ్ముతో పోలిస్తే అది స్వర్గమే, జీతం కూడా మెరుగు. నాన్న ఆ పనిలో చేరిన నెల తిరక్కుండానే ఉమ్మి తెల్లబడింది. అమ్మ ఆ రోజు వీధిలో అందరికీ బెల్లం పానకం పంచింది, ఎందుకో చెప్పలేదు.

అయితే ఆ పనికి ఒక షరతు ఉండేది, గడ్డం నున్నగా ఉండాలి. మాస్కు రబ్బరు అంచు చెంపలకీ గడ్డానికీ అతుక్కుపోవాలి, మధ్యలో వెంట్రుక ఉన్నా గాలి దూరుతుంది. కంపెనీ సూపర్‌వైజరు కృష్ణాజిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి, రోజూ పొద్దున్న అందర్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చెంప మీద వేళ్ళ వెనక వైపుతో తడిమి చూసేవాడట. గరుకు తగిలితే ఆ రోజుకి పని లేదు. చెంప మీద పుండున్నా, నూనె జిడ్డున్నా అంతే, రబ్బరు జారుతుందని లోపలికి పంపేవాడు కాదు. అలా తరచుగా ఆగిపోయేవాడిని మళ్ళీ యార్డుకే పంపించేసేవాళ్ళు.

నాన్న తెల్లవారకముందే లేచి కిటికీ ఊచకి అద్దం తగిలించి, గిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టుకుని, బ్రష్షుతో సబ్బు నురగ తెప్పించి, బుగ్గ లోపల నాలుకతో పైకి నొక్కి పెట్టి, బ్లేడు కిందికి ఒకసారి, పైకి ఒకసారి లాగేవాడు. నేను గడప మీద కూచుని నిద్రకళ్ళతో చూసేదాన్ని. నురగ పోయాక బయటపడే ఆ ముఖం మీద వేలితో గీస్తే కిర్రుమనేది, నాన్న నవ్వేవాడు. రోజూ ఎదురుగీత గీసి, ఉప్పుగాలిలో నడిచి, ఆ తర్వాత చెమట కారుతుంటే రబ్బరు అంచు ఒరుసుకుంటే చర్మం ఏమవుతుంది? చెంపల చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో ఎర్రటి గీత పడింది. దాని మీద పొక్కులు లేచాయి. సబ్బు తగిలితే చాలు, నాన్న పళ్ళు బిగపట్టి అద్దంలోంచి నా వైపు చూసి, ఏమీ లేదన్నట్టు కన్ను గీటేవాడు.

అక్కణ్ణుంచి మొదలైంది అమ్మ వైద్యం. మొదట పటిక రుద్దించింది, చర్మం ఎండిపోయి పగిలింది. కొబ్బరినూనె రాయించింది, అది రాసుకుని వెళ్ళిన రోజు సూపర్‌వైజరు వేళ్ళకి జిడ్డంటుకుంటే నాన్నని వెనక్కి పంపాడు. మీగడ రాస్తే మధ్యాహ్నానికి ముక్కిపోయిన వాసన. కలబంద గుజ్జు రాస్తే దురద. గ్లిజరినులో పన్నీరు కలిపి రాయమని ఎవరో చెప్పారు, మా విశాఖపట్నం ఉక్కకి అది బెల్లం పాకంలా తీగలు సాగింది. పక్కింట్లో మార్తమ్మ పిన్ని ఉండేది, చర్చిలో పాటలు పాడేది, ఆసుపత్రిలో ఆయాగా చేసేది. క్రిస్మస్‌కి మా ఇంటికి కేకు పంపించినట్టే ఆవిడ ఒకసారి తను పూసుకునే తెల్ల స్నో డబ్బా పంపించింది. నాన్న మొహమాటపడుతూనే కాస్త రాసుకుని వెళ్ళాడు. ఆ వాసనకి తోటివాళ్ళు ఆడంగి వచ్చిందిరా అని ఏడిపించి చంపారట. నాన్న నవ్వుతూనే చెప్పాడు గానీ మర్నాటి నుంచి డబ్బా ముట్టలేదు. అమ్మకి ఒళ్ళు మండి, "నవ్వితే నవ్వనీ, ఆళ్ళ పళ్ళే కదా కనిపిస్తాయి" అని రెండు రోజులు సణిగింది.

చివరికి మార్తమ్మ పిన్నే దారి చూపించింది. ఆసుపత్రిలో కాలిన పిల్లలకి పైపైన రాసే ఒక పల్చటి తెల్ల లోషను ఉందనీ, పాలలా ఉంటుందనీ, రాసిన నిమిషానికి ఇంకిపోతుందనీ చెప్పి, ఏ దుకాణంలో దొరుకుతుందో కూడా చెప్పింది. ఆ చిన్న సీసా మా ఇంటికొచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం. నాన్న నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని చెంపలకు అద్దుకుని, కాసేపాగి నన్ను తాకమన్నాడు. జిడ్డు లేదు, వాసన లేదు, చర్మం మాత్రం చిన్నపిల్లల బుగ్గలా మెత్తగా ఉంది. సూపర్‌వైజరు తడిమి చూసి, "బాగుందయ్యా సూరీ, ఇలాగే ఉంచుకో" అన్నాడని సాయంత్రం వచ్చి ఎంత సంబరంగా చెప్పాడో! ఆ చలికాలమంతా మా ఇంట్లో అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. ఇంతకంటే మంచి రోజులు మా ఇంటికి మళ్ళీ రాలేదు.

ఆ సీసా మాలాంటి వాళ్ళు నెలనెలా కొనగలిగేది కాదు. అందుకని అమ్మ పొదుపు మొదలుపెట్టింది. పాలలో నీళ్ళు కలిపినట్టు సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు కలిపేది. మజ్జిగ పలచన చేసి పదిమందికి పోసిన చెయ్యి ఆమెది, దేన్నైనా అలాగే సాగదీయొచ్చనుకుంది. కొన్నాళ్ళు బాగానే సాగింది. ఎండలు ముదిరాయి, సీసాలో పైన నీళ్ళు, కింద గడ్డలు విడిపోయి, మూత తీస్తే పుల్లటి వాసన రావడం మొదలైంది. నాన్న గమనించాడో లేదో, అమ్మని నొప్పించడం ఇష్టంలేక ఊరుకున్నాడో తెలీదు, అదే రాసుకున్నాడు. నాలుగు రోజుల్లో చెంపలు చీముపొక్కులతో నిండిపోయాయి. సూపర్‌వైజరు చూసి, నీ మంచికే చెప్తున్నాను, పండగ వెళ్ళిన మర్నాటికి కూడా ఇలాగే ఉంటే నిన్ను లోపలికి దింపను, యార్డుకి రాసేస్తాను అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు, మాస్కు కింద పుండు రసి కారితే రబ్బరు నిలవదు. ఆ సాయంత్రం నాన్న అన్నం ముందు కూచుని యార్డు అనే ఒక్క మాట అన్నాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

పండగ అంటే సింహాచలంలో చందనోత్సవం. ఏడాదంతా చందనం పూతలో కప్పి ఉండే అప్పన్న స్వామి ఆ ఒక్క రోజు నిజరూపంలో కనిపిస్తాడు, ఒలిచిన చందనాన్ని ప్రసాదంగా పంచుతారు. మా అమ్మ పేరు అప్పలనరసమ్మ, ఆ స్వామి పేరే. వాళ్ళ పుట్టింట్లో పిల్లలకి వేడి చేసినా, కళ్ళకలక వచ్చినా, పెద్దవాళ్ళకి సెగగడ్డలు లేచినా అప్పన్న చందనమే మందు. దానికొక పద్ధతి కూడా ఉంది వాళ్ళకి. ఒంటికి పెట్టుకున్న అప్పన్న చందనాన్ని చేత్తో తుడవకూడదు, సబ్బుతో కడగకూడదు, దానంతటది ఎండి రాలిపోవాలి, రాలింది కాళ్ళ కింద పడకూడదు. తుడిచేస్తే స్వామిని తోసేసినట్టే. నేను చిన్నప్పుడు నుదుటి మీద దురదపెట్టి గోకితే అమ్మమ్మ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

ఆ రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని తెల్లవారుజామునే బస్సెక్కింది. జనం, జనం, ఎటు చూసినా జనం, చెమట, చామంతిపూలు, నలిగిన అరటిపళ్ళు, పసిపిల్లల ఏడుపులు, కొండ మీద నుంచి కదలని వరస, పైన ఎండ మాడ్చేస్తోంది. నీళ్ళ కుండ కనపడినప్పుడల్లా నాకు పోయించి తను మాత్రం ముట్టుకోలేదు, ఉపవాసం. స్వామి ముందు ఒక్క క్షణం నిలబడనిచ్చారు. అమ్మ ఏం కోరుకుందో నాకు వినపడింది. వేరే కోరికల్లేవు, నాన్న చెంపల సంగతే. చేతిలో పడిన చిన్న చందనపు ముద్దని కొంగుకి ముడేసుకుని, బస్సులో దారి పొడుగునా ఆ ముడి మీద చెయ్యి తీయలేదు.

మర్నాడు నాన్న గడ్డం గీసుకుంటుంటే పొక్కులు తెగి రెండు చోట్ల రక్తం వచ్చింది. అమ్మ ముఖం కడిగించి, పీట మీద కూచోబెట్టి, చందనం నీళ్ళలో మెదిపి, రెండు చెంపలకీ గడ్డం కిందికీ, సరిగ్గా ఆ ఎర్రగీత పొడుగునా పూసింది. పూజ చేస్తున్నట్టు చేసింది. నాన్న కళ్ళు మూసుకుని, "ఎంత సల్లగుందే నరసా" అన్నాడు. అంత హాయిగా ఆయన మాట్లాడగా అన్నాళ్ళకి విన్నాను. చందనం ఆరి లేత పసుపురంగు తిరిగాక, అన్నం డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్కడ వరసలో నిలబడ్డప్పుడు సూపర్‌వైజరు అలవాటుగా చెయ్యి చాపాడట. చాపిన చెయ్యి ఆపి, అప్పన్న చందనమా అని అడిగి, అవునంటే ఆ చేతినే కళ్ళకద్దుకుని, ఇంకేమైనా మిగిలుంటే నాకూ కాస్త తెచ్చిపెట్టు సూరీ అని ముందుకి వెళ్ళిపోయాడట. జిడ్డు లేదు, రక్తం కనపడటం లేదు, పైగా స్వామి ప్రసాదం. కడుక్కో అని ఎవరు చెప్తారు? మాస్కు తగిలించుకునే ముందు తుడిచేసుకోవాలని నాన్నకి మాత్రం ఎలా తడుతుంది? విశాఖపట్నంలో పుట్టి పెరిగిన వాడెవడూ ఆ చందనం మీద చెయ్యి వేయడు. ఆ వరసలో ఉన్నవాళ్ళందరూ చూశారు, అందరూ మనసులో దణ్ణమే పెట్టుకుని ఉంటారు.

మధ్యాహ్నం నేను గచ్చకాయలాడుతుంటే నూకరాజు మావయ్య వీధి చివరి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, కాళ్ళకి చెప్పుల్లేవు. నాన్న ఓడ అడుగు గదిలో పడిపోతే ఇద్దరు పైకి లాగారని, పెద్దాసుపత్రిలో ఉన్నాడని చెప్పాడు. విషపుగాలి మాస్కులోకి దూరింది. ప్రాణం పోలేదు. పోయుంటే బాగుండేదేమో అని నేను చాలాసార్లు అనుకున్నాను, ఈ మాట రాయడానికి నాకు భయం లేదు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, మాట ముద్దగా అయిపోయింది, రెండు చేతులూ ఎడతెగకుండా వణికేవి, గ్లాసుడు నీళ్ళు నోటిదాకా వచ్చేసరికి సగం ఒలికిపోయేవి.

కంపెనీ వాళ్ళు ఆసుపత్రికొచ్చి ఎలా జరిగిందని అడిగితే, మాస్కు పట్టీ సరిగా బిగించుకోలేదు, నాదే పొరపాటు అని నాన్న చెప్పాడు. నీ పొరపాటే కాబట్టి మేం చేసేదేం లేదని వాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. అమ్మ ఆయన మంచం పక్కనే నిలబడి, ఒక్కసారి గట్టిగా బిగించుకోడానికేం వచ్చిందయ్యా అని తల కొట్టుకుంటూ ఏడ్చింది. నాన్న ఆ తిట్లన్నీ పడ్డాడు.

నాన్న ఇంటికొచ్చిన కొద్దిరోజులకి, వీధి కుళాయి దగ్గర అమ్మా నేనూ బిందెలతో నిలబడి ఉండగా నూకరాజు మావయ్య వచ్చాడు. అమ్మ బిందె కుళాయి కింద పెట్టి, అప్పుడన్నాడు.

"అక్కా, సూరి బావ పట్టీ బిగించనేదని సెప్పినాడు గదా, అది అబద్దం. పట్టీ నానే బిగించినాను. రోజూ బిగించినట్టే బిగించినాను."

"మరేటయింది?" అంది అమ్మ.

"పైకి లాగినాక మాస్కు నానే తీసినాను. రబ్బరు కింద సందనం ఎండి పెచ్చులు లేచిపోయుంది. ఆ సందులోంచి ఎల్లిపోయింది గాలి. బావకీ తెలుసు. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టు ఏయించుకున్నాడు. నావల్ల కావట్లేదక్కా."

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. అమ్మ కుళాయి కట్టలేదు, ఏడవలేదు, బిందె ఎత్తుకుని ఇంటికి నడిచింది. చందనం సంగతి నాన్నకి తెలుసని అమ్మకి తెలుసు. అమ్మకి తెలిసిందని నాన్నకి తెలీదనే అనుకున్నాం. అమ్మ మాటల్లో ఒక్కసారి కూడా బయటపడలేదు. ఇద్దరి మధ్యా నేనున్నాను, నోరు మెదపడానికి లేదు.

ఆ సాయంత్రం అమ్మ ఇంట్లో ఉన్న పటిక, నూనె, గ్లిజరిను, మార్తమ్మ పిన్ని ఇచ్చిన స్నో డబ్బా, ఆఖరికి తను రాసుకునే పౌడరు కూడా తీసుకెళ్ళి కాలవలో పారేసింది. మిగిలిన చందనం మాత్రం పారేయలేకపోయింది, దేవుడిది కదా, గూట్లో వెనక్కి నెట్టేసింది. తర్వాత ఎన్నడూ సింహాచలం పోలేదు. ఆ వైపు వెళ్ళే బస్సు ఎదురైతే తల తిప్పుకునేది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి కుదిరి, రోజంతా ఐసు నీళ్ళలో చేతులుంచి, చర్మం పాలిపోయి పగిలిన వేళ్ళతో ఇంటికొచ్చేది. ఆ పగుళ్ళకి కూడా ఏమీ రాసుకునేది కాదు, రాస్తానంటే నన్ను కసిరేది.

వణికే చేతులతో నాన్న బ్లేడు పట్టలేకపోయాడు, గడ్డం పెరిగింది. మంగలి దగ్గరికి వెళ్దామంటే వద్దనేవాడు, ఇంక దేనికి అనేవాడు. మా వైపు మగవాడు గడ్డం పెంచాడంటే అప్పన్న మొక్కనే అనుకుంటారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, మొక్కా సూరీ అని అడిగేవాళ్ళు. ఏమని వివరిస్తాడు? ఊఁ, మొక్కే అని తలూపేవాడు. ఆడవాళ్ళు అమ్మ దగ్గరికొచ్చి, మంచి పని చేశారు, ఆ స్వామే చూసుకుంటాడు అని ఓదార్చేవాళ్ళు. అమ్మ వాళ్ళ కేసి చూసే చూపు నేను చూశాను. కుండ పగిలినంత చప్పుడైనా చేయకుండా ఒక మనిషి లోపల్లోపల ఎలా పగిలిపోతుందో అప్పుడే నాకు తెలిసింది. ఆ ఏళ్ళల్లోనే ఉక్కు కర్మాగారం కట్టడం మొదలైంది, గాజువాక వైపు లారీలు, కొత్త ఉద్యోగాలు, కొత్త ఇళ్ళు, ఊళ్ళో అందరి ముఖాల్లోనూ ఒక వెలుగు. మా ఇంట్లోకి అది రాలేదు.

ఒక వానాకాలం నాన్న మంచం దిగలేని స్థితికి వచ్చాడు. ఒకరోజు మధ్యాహ్నం, అమ్మకి షెడ్డులో పని లేని రోజు, "గడ్డం తీసెయ్యే నరసా, దురదగుంది" అన్నాడు. అమ్మ వేణ్ణీళ్ళు పెట్టి, కత్తెరతో ముందు కురచ చేసి, ఆ పగిలిన వేళ్ళతో బ్లేడు పట్టుకుని చాలా నెమ్మదిగా గీసింది. నేను తల పట్టుకుని కూచున్నాను. గడ్డం కింద ముఖం లేదు, రెండు ఎముకలూ వాటి మీద తోలూ ఉన్నాయి. అంతా అయ్యాక తడిగుడ్డతో తుడిచింది.

"మండతందే," అన్నాడు నాన్న. "ఏటైనా రాయి."

"ఏటీ నేదు," అంది అమ్మ.

"గూట్లో అప్పన్న సందనం ఉంది గదా. అది రాయే."

అమ్మ తడిగుడ్డ పిండుతూనే ఉంది. ఆయన వణికే చెయ్యి పైకెత్తి, తడుముకుంటూ ఆమె మణికట్టు పట్టుకుని తన చెంప వైపు లాగాడు. తనకి అంతా తెలిసిపోయిందని ఆయనకి తెలుసని, ఎన్నాళ్ళ నుంచో తెలుసని, ఆమెకి ఆ క్షణాన అర్థమైంది. నాన్న ఆమెని క్షమించాడు, అంతకంటే ఎక్కువగా, అందులో తప్పేమీ లేదని మళ్ళీ అదే చేతితో అదే పూయమని అడిగాడు. అమ్మ అది తట్టుకోలేకపోయింది. చెయ్యి విడిపించుకుని లేచి, వానలోనే దొడ్లోకి వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళదాకా లోపలికి రాలేదు.

నేను తడిగుడ్డ చెంపల మీద వేసి విసనకర్రతో విసిరాను. చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కాసేపటికి నాన్న నా వైపు తిరిగి ముద్దమాటలతో, "మంట తగ్గిపోయిందని సెప్పవే గుంటా, మీ అమ్మకి" అన్నాడు. నేను వెళ్ళి చెప్పాను. అమ్మ దొడ్డిగోడకి ఆనుకుని తడుస్తూ కూచునుంది, నా మాట నమ్మలేదు. ఆ వారం దాటకుండానే నాన్న పోయాడు. శవం పక్కన కూచున్నప్పుడు కూడా అమ్మ ఆయన కాళ్ళు పట్టుకుంది గానీ ముఖం తాకలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మధ్యాహ్నం గురించి నోరెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక్కసారి, ఒక్కసారి ఆమె ఆ చందనం పూసి ఉంటే ఏమయ్యేది అని ఇప్పటికీ నాలో నేను ఏడుస్తాను. ఏమీ అయ్యేది కాదు, ఆయన ఎలాగూ పోయేవాడే. కానీ ఇద్దరూ అంత ఒంటరిగా పోయేవాళ్ళు కారు.

ఇప్పుడు గోధుమల ఓడలు లేవు. ఆ కంపెనీ ఎప్పుడు మూతపడిందో కూడా ఎవరికీ తెలీదు. మా పెంకుటిళ్ళ వరస రోడ్డు వెడల్పులో పోయింది, కుళాయి ఉన్న చోట లారీలు ఆగుతాయి. నూకరాజు మావయ్య లేడు, అమ్మ లేదు. మా ఇంట్లో ఫొటో తీయించుకునే అలవాటు ఎవరికీ లేదు. నాన్న గడ్డం లేకుండా ఉన్న ఫొటో ఒక్కటే ఉండేది, రేవు గేటు దగ్గర చూపించే పాసు మీద. ఉద్యోగం పోయినప్పుడు దాన్ని వాళ్ళు తీసేసుకున్నారు.

మార్తమ్మ పిన్ని మాత్రం ఉంది, చాలా పెద్దదైపోయింది, చూపు ఆనదు. ఈమధ్య మా ఇంటికొచ్చినప్పుడు మా అబ్బాయి అప్పుడే గడ్డం గీసుకుని వచ్చి ఎదురుగా కూచుంటే, ఆవిడ వాడి ముఖం రెండు చేతులతో తడిమి, "అచ్చం సూరి బావే, ఇదే మొకం" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను వాడి కేసి చాలాసేపు చూశాను. నాన్నంటే నా కళ్ళకి గడ్డం కనిపిస్తుంది, గడ్డం తీసిన ఆ చివరి రోజు ఎముకలు కనిపిస్తాయి. అంతకుముందరి ముఖం, రోజూ గడప మీద కూచుని చూసిన ముఖం, ఎంత వెతుక్కున్నా రావడం లేదు. పిన్ని చెప్పింది నిజమో కాదో నాకు తెలీదు.